కొలబద్ద లేని ఏళ్లు: రష్యా పెయిర్స్ స్కేటింగ్ బలం ఎంత మిగిలింది?

2022 ఫిబ్రవరి 19 రాత్రి బీజింగ్ ఒలింపిక్స్‌లో, ఒక స్త్రీ, ఒక పురుషుడు జంటగా మంచు మీద ఆడే పెయిర్స్ స్కేటింగ్ ముగిసింది. చైనా జంట సుయ్ వెన్‌జింగ్, హాన్ త్సోంగ్‌లకు 239.88 పాయింట్లతో స్వర్ణం దక్కింది. రష్యా జంట యెవ్గేనియా తారాసోవా, వ్లదీమిర్ మొరోజోవ్ 239.25 పాయింట్ల దగ్గర ఆగిపోయారు. 237.71 పాయింట్లతో మూడో స్థానంలో నిలిచిన అనస్తాసియా మిషినా, అలెగ్జాండర్ గల్యామోవ్‌లదీ రష్యాయే. నాలుగో స్థానంలోని అలెగ్జాండ్రా బోయ్‌కోవా, ద్మీత్రీ కోజ్లోవ్‌స్కీ కూడా రష్యావాళ్లే. ఒక దేశం పంపగలిగింది మూడు జంటలనే. ఆ మూడూ మొదటి నాలుగు స్థానాల్లో ఉన్నాయి.

స్వర్ణానికీ రజతానికీ మధ్య తేడా 0.63. ఫిగర్ స్కేటింగ్‌లో ప్రతి విన్యాసానికీ ఒక ఆధార విలువ ఉంటుంది. అది ఎంత చక్కగా చేశారన్నదాన్ని బట్టి న్యాయనిర్ణేతలు మైనస్ 5 నుంచి ప్లస్ 5 దాకా శ్రేణి ఇస్తారు. ఒక్కో మెట్టుకు ఆధార విలువలో పదో వంతు కలుస్తుంది, లేదా తగ్గుతుంది. ఆరేడు పాయింట్ల విలువున్న ఒక లిఫ్ట్‌ను, అంటే అతను ఆమెను తలపైకి ఎత్తే విన్యాసాన్ని, న్యాయనిర్ణేతలంతా ఒక్క మెట్టు ఎక్కువగా చూసి ఉంటే ఆ 0.63 కరిగిపోయేది. ఏడు నిమిషాలకు కాస్త తక్కువ నిడివి ఉన్న రెండు ప్రదర్శనల్లో, ఒకే ఒక్క విన్యాసంలో, ఒక్క మెట్టు. ఆ రోజు రష్యా పెయిర్స్ స్వర్ణానికి అంత దగ్గరగా నిలిచింది.

మరో ఐదు రోజులకు రష్యా సైన్యం ఉక్రెయిన్‌లోకి దిగింది. మార్చి 1న అంతర్జాతీయ స్కేటింగ్ సమాఖ్య ఐఎస్‌యూ రష్యా, బెలారస్ స్కేటర్లను పోటీల నుంచి నిషేధించింది. ఆ నిర్ణయాన్ని రష్యా అభిమానుల నష్టంగా మాత్రమే చూడటం నాకు సాధ్యం కాదు. 2016 యూత్ ఒలింపిక్స్‌లో ఉక్రెయిన్ తరఫున పెయిర్స్‌లో ఆడిన ద్మిత్రో షార్పర్ 2023 జనవరిలో బఖ్ముత్ దగ్గర పోరులో చనిపోయాడు. అతని వయసు ఇరవై అయిదు. రష్యా జంటలు మళ్లీ ఎప్పుడు గెలుస్తాయన్న లెక్క వేసేటప్పుడు ఆ పేరును పక్కన పెట్టుకునే వేయాలి.

ఆ లెక్క అనుకున్నంత సులువు కాదు. ‘వాళ్లే ఉంటేనా, పతకాలన్నీ వాళ్లవే’ అని ఒక వర్గం అంటుంది. ‘ఇన్నేళ్లు బయట ఉన్నారు, ఆట వాళ్లను దాటిపోయింది’ అని మరో వర్గం అంటుంది. రెండు వాదాలకూ ఆధారాలున్నాయి. రెండూ సగం దూరం వెళ్లి ఆగిపోతాయి.

2026 ఫిబ్రవరిలో మిలాన్ ఒలింపిక్స్ పెయిర్స్ పోటీలో రష్యా జంట ఒక్కటీ లేదు. జపాన్ జంట మియురా రికు, కిహారా ర్యుయిచి తొలి రోజు చిన్న ప్రదర్శన షార్ట్ ప్రోగ్రాంలో తడబడి ఐదో స్థానానికి జారారు. మరునాడు పెద్ద ప్రదర్శన ఫ్రీ స్కేట్‌లో 158.13 పాయింట్లతో ప్రపంచ రికార్డు సృష్టించి, 231.24 మొత్తంతో స్వర్ణం గెలిచారు. అంతకుముందు నాలుగేళ్లుగా నిలిచిన ఫ్రీ స్కేట్ రికార్డు 157.46. దాన్ని 2022 జనవరిలో తాలిన్‌లో జరిగిన యూరప్ చాంపియన్‌షిప్‌లో మిషినా, గల్యామోవ్ నెలకొల్పారు. అంటే ప్రపంచంలో అత్యుత్తమ జంట తన జీవితంలోకెల్లా గొప్ప ప్రదర్శన ఇచ్చినప్పుడు గానీ ఆ గీత చెరగలేదు. మొదటి వర్గానికి ఇది బలమైన ఆధారం. మిలాన్ రజతం 221.75, కాంస్యం 219.09. బీజింగ్‌లో బోయ్‌కోవా, కోజ్లోవ్‌స్కీ 220.50 పాయింట్లతో నాలుగో స్థానంలో మిగిలిపోయారు. ఈ అంకెలను పక్కపక్కన పేరిస్తే మనసు లాగేస్తుంది. అయినా నాలుగేళ్ల తేడాతో, నియమాలు కొంత మారాక వచ్చిన మార్కులను నేరుగా తూచకూడదు. 2022 తర్వాత కళాత్మక అంశాలకిచ్చే మార్కులను ఐదు భాగాల నుంచి మూడుకు కుదించారు. న్యాయనిర్ణేతల బృందాలు కూడా వేరు.

అంతకన్నా తూచకూడనివి రష్యా లోపలి పోటీల మార్కులు. నిషేధం తర్వాత ఆ దేశం సొంతంగా గ్రాండ్ ప్రీ అనే పోటీల వరస నడుపుకుంటోంది. అక్కడ 240 దాటిన మార్కు కనిపిస్తే అభిమానులు దాన్ని ప్రపంచ చాంపియన్ మార్కు పక్కన పెట్టి చూపిస్తారు. ఏ దేశంలోనైనా జాతీయ పోటీల్లో చేయి కాస్త ధారాళంగానే ఉంటుంది. జపాన్‌లోనూ అంతే, అమెరికాలోనూ అంతే. ఐఎస్‌యూ జాతీయ పోటీల మార్కులను రికార్డుల్లోకి తీసుకోదు. మిగతా దేశాల జంటలు జాతీయ పోటీ ముగిశాక బయటికి వెళ్లి అసలు కొలతకు నిలబడతాయి. రష్యా జంటలకు ఆ రెండో కొలత లేకుండా పోయింది. నిషేధం చేసిన అసలు నష్టం ఇక్కడ ఉందని నా అభిప్రాయం. ఆమెను గాలిలోకి విసిరి అందుకునే ట్విస్ట్‌లో చేతులు సరిగా పడటం లేదని, పక్కపక్కన చేసే జంప్‌లలో చివరి పావు చుట్టు తగ్గుతోందని, స్పిన్‌లో ఇద్దరి లయ కలవడం లేదని పరాయి సాంకేతిక నిపుణుడు నిర్దాక్షిణ్యంగా మార్కు కత్తిరిస్తేనే జంట దిద్దుకుంటుంది. ఇంట్లోవాళ్లు అంత కటువుగా చెప్పరు.

పెయిర్స్‌లో ఈ చిన్న తప్పుల బరువు సింగిల్స్‌లో కన్నా ఎందుకు ఎక్కువో తెలియాలంటే ట్రిపుల్ ట్విస్ట్‌ను దగ్గర నుంచి చూడాలి. ఇద్దరూ వెనక్కి జారుతూ వస్తారు. ఆమె బ్లేడు కొనతో మంచును తన్నే క్షణంలోనే అతను ఆమెను నడుము దగ్గర పట్టి తలపైకి విసురుతాడు. ఆమె గాలిలో అడ్డంగా మూడు చుట్లు తిరుగుతుంది. అతను ఆ లోపు చేతులు పక్కకు దించి మళ్లీ ఎత్తాలి. ఆమె మంచును తాకకముందే, గాలిలో ఉండగానే, నడుమును రెండు అరచేతులతో అందుకోవాలి. ఆమె అతని భుజం మీదికి పడినా, ఛాతీకి గుద్దుకున్నా మార్కు జారిపోతుంది. ఇదంతా రెప్పపాటులో ముగుస్తుంది. ఆమె రెండంగుళాలు పెరిగినా, అతని భుజానికి చిన్న గాయమైనా, ఇద్దరిలో ఒకరు ఆ పూట భయపడినా, వేల సార్లు సాధన చేసిన ఆ లెక్క తప్పుతుంది. జోడెద్దుల్లో ఒకటి కుంటితే నాగలి పక్కకు ఒరిగినట్టు, ఇక్కడ ఒకరి కష్టం ఇద్దరి ఫలితాన్నీ వంచేస్తుంది.

ఆ ప్రమాదం పాయింట్లతో ఆగదు. 1996 జనవరిలో రీగాలో సాధన చేస్తుండగా, పక్కపక్కన తిరిగే స్పిన్‌లో భాగస్వామి బ్లేడు యెలేనా బెరెజ్నాయా తలలోకి దిగింది. మెదడుకు శస్త్రచికిత్స చేశారు. మాటలు కూడా మళ్లీ నేర్చుకోవాల్సి వచ్చింది. రెండేళ్లకు ఆంతోన్ సిఖరులిద్జెతో ఒలింపిక్ రజతం, 2002లో స్వర్ణం గెలిచింది. 2004లో పిట్స్‌బర్గ్ పోటీలో మక్సీమ్ మరీనిన్ చేతుల మీద నుంచి తాత్యానా తోత్‌మ్యానినా తల మంచుకు తగిలేలా పడిపోయింది. పద్దెనిమిది నెలలు తిరగకముందే వాళ్లు టురిన్‌లో ఒలింపిక్ చాంపియన్లు. రష్యా పెయిర్స్ గురించి మాట్లాడేవాళ్లు పతకాలు లెక్కపెడతారు. ఆ పతకాల వెనుక, మళ్లీ అదే లిఫ్ట్‌లోకి ఎక్కిన ఆ స్త్రీల ధైర్యం నన్ను ఎక్కువగా నిలబెట్టేస్తుంది.

1964 నుంచి 2006 దాకా వరసగా పన్నెండు ఒలింపిక్స్‌లో పెయిర్స్ స్వర్ణం సోవియట్ యూనియన్, దాని వారసుల చేతుల్లోనే ఉంది. ల్యుద్మీలా బెలొవూసొవా, ఒలేగ్ ప్రొతొపొపోవ్ మొదలుపెట్టారు. ఇరీనా రొద్నినా ఇద్దరు భాగస్వాములతో మూడు స్వర్ణాలు సాధించింది. అర్తూర్ ద్మీత్రియెవ్ 1992లో ఒకరితో, 1998లో మరొకరితో గెలిచాడు. ఈ చివరి రెండు ఉదాహరణలే ఆ వ్యవస్థ గుట్టు విప్పుతాయి. జంట విడిపోయినా ఆట ఆగేది కాదు. పక్క రింకులోనే, అంటే పక్క మంచు మైదానంలోనే, సరిపోయే ఎత్తు, సరిపోయే పద్ధతి నేర్చిన ఇంకొకరు దొరికేవారు. చాలా దేశాల్లో పెయిర్స్‌కు మగపిల్లలే దొరకరు. జపాన్ స్వర్ణ విజేత కిహారా సింగిల్స్ స్కేటర్‌గా ఎదిగి, ఇరవై ఏళ్ల వయసులో పెయిర్స్‌లోకి వచ్చాడు. మియురాకు ముందు వేరే భాగస్వాములతో ఆడాడు. ఆఖరికి కెనడా వెళ్లి శిక్షణ తీసుకున్నాడు. రష్యాలోనైతే సెయింట్ పీటర్స్‌బర్గ్, మాస్కో, పెర్మ్ నగరాల్లో పదేళ్ల వయసు నుంచే ఎవరు ఎవరిని ఎత్తగలరో చూసే శిక్షకులు ఉన్నారు.

వారిలో ముందు చెప్పాల్సిన పేరు తమారా మోస్క్వినా. 1941లో పుట్టిన ఆమె 1969లో అలెక్సీ మీషిన్‌తో ప్రపంచ రజతం గెలిచి, తర్వాత శిక్షకురాలయ్యారు. 1984, 1992, 1998, 2002 ఒలింపిక్ స్వర్ణ జంటలు ఆమె చేతిలో తయారయ్యాయి. బోయ్‌కోవా, కోజ్లోవ్‌స్కీ ఆమె దగ్గరే ఎదిగారు. మిషినా, గల్యామోవ్ కూడా. ఎనభై దాటిన వయసులోనూ రింకు గట్టు దగ్గర నిలబడి తీర్పు చెప్పిన శిక్షకురాలు ప్రపంచంలో ఇంకెవరూ నాకు గుర్తు రావడం లేదు. పెర్మ్ మరో కర్మాగారం. 2014 సోచీ స్వర్ణ విజేత మక్సీమ్ త్రన్‌కోవ్ అక్కడివాడే, గల్యామోవ్ కూడా అక్కడివాడే.

అయితే ఈ వ్యవస్థ ఎన్నడూ చెక్కు చెదరలేదన్నది అపోహ. 2010 వాంకూవర్‌లో నిషేధాలేవీ లేవు. అయినా రష్యాకు పెయిర్స్‌లో ఒక్క పతకమూ రాలేదు. అప్పటికి ఆ దేశపు అగ్ర జంటలోని స్త్రీ యూకో కవగుచి జపాన్‌లో పుట్టి రష్యా పౌరసత్వం తీసుకున్నవారు. సోచీలో త్రన్‌కోవ్‌తో గెలిచిన తాత్యానా వొలొసొజార్ అంతకుముందు ఉక్రెయిన్ తరఫున ఆడింది. 2018లోనూ పతకం లేదు. అంటే 2010 నుంచి 2022 వరకు నాలుగు ఒలింపిక్స్‌లో రష్యాకు దక్కిన పెయిర్స్ స్వర్ణం సోచీది ఒక్కటే. ‘వాళ్లే ఉంటే అన్నీ వాళ్లవే’ అనే మాట 2006 దాకా నిజం. ఆ తర్వాత అది జ్ఞాపకంగా మిగిలింది.

ఇప్పుడు ఆ జ్ఞాపకం ఎక్కడెక్కడ చెల్లాచెదురైందో చూడాలి. మిలాన్ పోడియం మీద రష్యా జెండా లేదు. కానీ జార్జియాకు రజతం తెచ్చిన జంటలో అనస్తాసియా మెతెల్కినా రష్యాలో పుట్టి పెరిగింది. ఆమె భాగస్వామి లుకా బెరులావా మాస్కోలో పుట్టాడు. వారిని తీర్చిదిద్దింది పెర్మ్ శిక్షకుడు పావెల్ స్ల్యుసారెంకో. కాంస్యం గెలిచిన జర్మనీ జంటలో మినెర్వా హాజే పక్కన నిలబడిన నికీతా వొలోదిన్ సెయింట్ పీటర్స్‌బర్గ్ కుర్రాడు. హంగరీ తరఫున ఆడే మరియా పావ్లోవా, అమెరికా తరఫున ఆడే అలీసా యెఫీమోవా రష్యా బడిలోనే నేర్చుకున్నారు. ఈ ప్రవాహం కొత్తది కాదు. తొలి స్వర్ణ విజేతలు బెలొవూసొవా, ప్రొతొపొపోవ్ 1979లోనే స్విట్జర్లాండ్‌లో ఆశ్రయం తీసుకున్నారు. 1994 ప్రపంచ చాంపియన్లు యెవ్గేనియా షిష్కోవా, వదీమ్ నౌమోవ్ అమెరికా వెళ్లి పిల్లలకు నేర్పారు. 2025 జనవరి 29న వాషింగ్టన్‌లో విమానం కూలి ఆ దంపతులు కన్నుమూసినప్పుడు బోస్టన్ రింకు బావురుమంది.

అందుకే ‘రష్యా తిరిగి వస్తే మిగతావాళ్ల పరిస్థితేమిటి’ అన్న ప్రశ్నలో నాకు ఒక లోపం కనిపిస్తుంది. తిరిగి వచ్చే జంటలకు ఎదురు నిలిచేది చాలావరకు వాళ్ల సొంత బడే. అదే ట్విస్ట్, అదే లిఫ్ట్, అదే గట్టిపట్టు. పైగా ఎదుటి జంటలకు ఏటా ప్రపంచ చాంపియన్‌షిప్‌లో కొలతకు నిలబడిన అనుభవం కూడా ఉంది.

ఇక స్థిరపడిన జంటల సంగతి. మిషినా 2001 ఏప్రిల్‌లో పుట్టింది, బోయ్‌కోవా 2002 జనవరిలో. గల్యామోవ్, కోజ్లోవ్‌స్కీ ఇద్దరూ 1999లో పుట్టినవారు. 2030 ఫ్రాన్స్ ఆల్ప్స్ ఒలింపిక్స్ నాటికి స్త్రీలకు ఇరవై ఎనిమిదేళ్లు, పురుషులకు ముప్పై. పెయిర్స్‌లో ఇది ముసలితనం కాదు. మిలాన్‌లో గెలిచిన మియురా, మిషినా ఒకే ఏడాది పుట్టారు. అప్పటికి కిహారాకు ముప్పై మూడు. 2018లో ముప్పై నాలుగేళ్ల వయసులో అల్యోనా సవ్చెంకో స్వర్ణం గెలిచింది. కెనడాకు చెందిన డియానా స్టెలాటో-డూడెక్ నలభై ఏళ్ల వయసులో 2024 ప్రపంచ చాంపియన్ అయింది. కాబట్టి ఈ ఇద్దరు స్త్రీలకు తలుపు మూసుకుపోయిందనడం తొందరపాటు.

వాళ్లకు వయసు కన్నా పెద్ద ఇబ్బంది వేరే ఉంది. మిషినా, గల్యామోవ్ 2021లో స్టాక్‌హోమ్‌లో తమ తొలి ప్రపంచ చాంపియన్‌షిప్‌లోనే స్వర్ణం గెలిచారు. అప్పటికి ఆమెకు ఇరవై కూడా నిండలేదు. మామూలుగా అయితే ఆ తర్వాతి నాలుగేళ్లు ఒక జంట పరిపక్వమయ్యే కాలం. విన్యాసం ఒంటికి పట్టాక, మధ్యలో చూపు, చేయి, నడక ఒక కథలా అల్లుకునేది అప్పుడే. సుయ్, హాన్ అలాగే ఎదిగారు. మిషినా, గల్యామోవ్‌లకు ఆ ఏళ్లు ఇంటి ప్రేక్షకుల ముందే గడిచాయి. బోయ్‌కోవా, కోజ్లోవ్‌స్కీలది మరో కథ. 2020లో గ్రాజ్‌లో యూరప్ చాంపియన్లు అయినప్పుడు ఆమెకు పద్దెనిమిది. విన్యాసాలను తేలిగ్గా చేసే తీరు వాళ్లది, ప్రదర్శనలో వాళ్ల ఒంటి రేఖలు పొడవుగా కనిపిస్తాయి. నా కంటికి ఈ రెండు జంటల్లో వయసు పెరిగేకొద్దీ మెరుగయ్యే లక్షణం బోయ్‌కోవా, కోజ్లోవ్‌స్కీలలో ఎక్కువ. తడబాటు లేకుండా రెండు ప్రోగ్రాంలూ గట్టెక్కించే నిలకడ మిషినా, గల్యామోవ్‌లలో ఎక్కువ. అంతర్జాతీయ వేదికపై తిరిగి వచ్చిన మొదటి ఏడాది పతకం ఎవరు తెస్తారని అడిగితే నేను మిషినా, గల్యామోవ్ వైపే మొగ్గుతాను.

మిలాన్‌కు దారి పూర్తిగా మూయలేదన్న విషయం కూడా చెప్పాలి. తటస్థ క్రీడాకారులుగా ఒక్కో విభాగంలో ఒక్కో పేరును రష్యా ప్రతిపాదించవచ్చని ఐఎస్‌యూ 2024 చివర్లో ప్రకటించింది. యుద్ధాన్ని సమర్థించినవారు, సైన్యంతో లేదా భద్రతా సంస్థలతో ఒప్పందం ఉన్నవారు అనర్హులు. వడపోత తర్వాత సింగిల్స్‌లో అదెలియా పెట్రోస్యాన్, ప్యోత్ర్ గుమెన్నిక్ మిగిలారు, బీజింగ్ అర్హత పోటీ దాటి మిలాన్ వెళ్లారు. పెయిర్స్‌లో ఏ జంటకూ అనుమతి రాలేదు. సింగిల్స్‌లో ఒకరి గతాన్ని పరిశీలిస్తే చాలు, ఇక్కడ ఇద్దరిదీ నిలవాలి. రింకు మీద లాగే ఈ వడపోతలోనూ ఒకరు పడితే ఇద్దరూ పడ్డట్టే.

ఎదుగుతున్న జంటల గురించి అంచనా వేయడం ఇంకా కష్టం. యెకతెరీనా చిక్మరేవా, మత్వేయ్ యాన్చెంకోవ్; నతాల్యా ఖబీబులినా, ఇల్యా క్న్యాజుక్; అనస్తాసియా ముఖోర్తోవా, ద్మీత్రీ యెవ్గేన్యెవ్. 2021 శరదృతువులో జూనియర్ గ్రాండ్ ప్రీలో ఈ మూడు జంటలూ ఆడాయి. డిసెంబరులో ఒసాకాలో జరగాల్సిన ఫైనల్ కోవిడ్ వల్ల రద్దయింది. తర్వాతి వసంతంలో జూనియర్ ప్రపంచ చాంపియన్‌షిప్ నాటికి నిషేధం వచ్చేసింది. ఆ తరం జూనియర్‌గా ప్రపంచానికి కనిపించింది ఆ కొన్ని వారాలే. వారి తర్వాత వచ్చినవారికి ఆ కొన్ని వారాలూ లేవు.

ఇక్కడే ఎత్తు సమస్య ముందుకొస్తుంది. 1977లో పన్నెండేళ్ల మరీనా చెర్కాసోవాను సెర్గేయ్ షఖ్రాయ్ గాలిలోకి విసిరి నాలుగు చుట్ల ట్విస్ట్ చేయించాడు. ప్రపంచంలో అదే మొదటిసారి. చిన్నపిల్లను పెద్దవాడితో జత చేసే ఆ పద్ధతికి రష్యాలో ‘ఒకటిన్నర’ అనే అర్థం వచ్చే పేరే ఉండేది. 1980లో వాళ్లు ప్రపంచ చాంపియన్లయ్యారు. తర్వాత ఆమె పెరిగింది. ఆ జంట ఎక్కువ కాలం నిలవలేదు. పిల్ల శరీరం మీద కట్టిన విన్యాసం స్త్రీ శరీరంలో నిలవదన్న సంగతి రష్యా శిక్షకులకు అప్పటి నుంచీ తెలుసు. అయినా జూనియర్ పోటీల్లో గెలుపు ఆశ ఆ దారికే లాగుతుంటుంది.

2022లో ఐఎస్‌యూ సీనియర్ కనీస వయసును పదిహేను నుంచి పదిహేడుకు దశలవారీగా పెంచింది. నా దృష్టిలో పెయిర్స్‌కు జరిగిన మంచి మార్పు ఇది. పదిహేడేళ్లకు అమ్మాయి ఎత్తు చాలావరకు తేలిపోతుంది. ఏ జంట నిలుస్తుందో అప్పుడే తెలుస్తుంది. 2030లో ఆడాలంటే 2029 జూలై 1కి ముందే పదిహేడు నిండాలి, అంటే 2012 జూన్ నెలాఖరులోపు పుట్టి ఉండాలి. ఆ పిల్లలు ఇప్పుడు ఎత్తు పెరుగుతున్న వయసులోనే ఉన్నారు. వాళ్లలో ఎవరో ఒకరిని ‘కాబోయే చాంపియన్’ అని ఇప్పుడే పిలవడం ఆ పిల్లకూ మంచిది కాదు, భాగస్వామికీ మంచిది కాదు.

తిరిగి వచ్చే రోజున ఎదురయ్యే అడ్డంకి మరొకటి ఉంది, అది కేవలం అంకెలది. ప్రపంచ చాంపియన్‌షిప్‌లో ఒక దేశానికి ఎన్ని జంటలన్నది అంతకుముందు ఏడాది స్థానాలను బట్టి తేలుతుంది. ముందటేడాది ఆడని దేశానికి సాధారణ నియమం ప్రకారం ఒక్క జంటే. ఆ జంట మొదటి రెండు స్థానాల్లో నిలిస్తే మరుసటి ఏడు మూడు జంటలు, పదో స్థానంలోపు నిలిస్తే రెండు. దానికి ముందు అంతర్జాతీయ పోటీల్లో కనీస సాంకేతిక మార్కు కూడా సంపాదించాలి. అంటే బీజింగ్‌లో మూడు జంటలతో మొదటి నాలుగు స్థానాల్లో మూడింటిని పట్టేసిన దేశం, తొలి ఏడాది ఒకే ఒక్క టికెట్‌తో నిలబడుతుంది.

ఆ టికెట్ కోసం జరిగే పోటీ ప్రపంచ చాంపియన్‌షిప్ కన్నా కఠినంగా ఉండవచ్చు. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఒకే రింకు మీద, ఒకే శిక్షకురాలి కళ్లెదుట ఏళ్ల తరబడి కలిసి సాధన చేసి ఎదిగిన రెండు జంటలు అక్కడ ఎదురెదురుగా నిలుస్తాయి. వారిలో ఒకరు విమానం ఎక్కుతారు. రెండో జంట ఇంకో ఏడాది ఆగుతుంది. అప్పటికి వెనుక నుంచి పద్దెనిమిదేళ్ల జంట ఏదో వచ్చి చేరి ఉంటుంది.